గళ్ల గుడ్డకూ ఓ గోత్రం!

కాన్వెంటుకి వెళ్లే మీ అమ్మాయి గళ్ల స్కర్టును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఎరుపు మీద ఆకుపచ్చ పట్టెలు, మధ్యమధ్య సన్నటి పసుపు గీత, చుట్టూ కుచ్చిళ్లు. పొద్దున్నే హడావిడిలో ఆ కుచ్చిళ్లకు ఇస్త్రీ చేయలేక విసుక్కోని తల్లి ఉండదేమో! అయితే ఆ స్కర్టుకు పెద్ద వంశమే ఉందండోయ్. ఇంగ్లండుకు ఉత్తరాన ఉన్న స్కాట్లండులో ఈ గళ్ల గుడ్డను టార్టన్ అంటారు. అక్కడి మగవాళ్లు పండగలకూ పెళ్లిళ్లకూ మోకాళ్ల దాకా కట్టుకునే కిల్ట్ ఈ గుడ్డతోనే కుడతారు. మన పిల్లల స్కర్టు దానికి మనవరాలన్నమాట.

మనకు ఇంటిపేర్లూ గోత్రాలూ ఉన్నట్టే వాళ్లకు 'క్లాన్' అని ఉంటుంది. కాంప్‌బెల్, మెక్‌డొనాల్డ్, మెకంజీ... ఇవన్నీ క్లాన్ల పేర్లే. మెకంజీ అనగానే ఏదో గుర్తొచ్చిందా? మన ఊళ్ల చరిత్రలను కైఫీయత్తులుగా సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ ఆ స్కాట్లండు దీవుల నుంచి వచ్చినవాడే. ఒక్కో క్లాన్‌కు ఒక్కో గళ్ల వరస ఉంటుంది. గుడ్డ చూసి మనిషి ఏ ఇంటివాడో చెప్పెయ్యొచ్చట. మనం పెళ్లిపీటల మీద ప్రవర చదివించుకుంటాం. వాళ్లు ఆ ప్రవరను ఒంటి మీద కట్టుకుంటారు!

మా ఆడపడుచు కొడుకు గ్లాస్గోలో చదువుకుని వస్తూ నాకో ఉన్ని మఫ్లర్ తెచ్చాడు. దాని మీదున్న చీటీలో ఫలానా క్లాన్ టార్టన్ అని రాసి ఉంది. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటే, మీ మావయ్యగారి లుంగీలా ఉందీ!" అన్నారు. అందరం నవ్వుకున్నాం. అయితే ఆ మాట నన్ను వదల్లేదు. ఆ గళ్లకు అంత పేరూ ప్రతిష్ఠా ఎలా వచ్చాయి? మన లుంగీ గళ్లకు ఎందుకు రాలేదు? నాలుగు పుస్తకాలు తిరగేస్తే కథల కంటే చిత్రమైన సంగతులు బయటపడ్డాయి.

చుక్కల ముగ్గు లెక్కే

ముందు ఆ గళ్లు ఎలా పడతాయో చూద్దాం. మగ్గం మీద నిలువుగా సాగే దారాలు పడుగు, అడ్డంగా వెళ్లేవి పేక. పడుగులో ఎన్ని ఎర్ర పోగుల తర్వాత ఎన్ని పచ్చ పోగులు, ఆ తర్వాత ఎన్ని నల్ల పోగులు అన్న లెక్క ఒకటుంటుంది. పేకలోనూ అదే లెక్క నడుస్తుంది. ఒక చోటుకు రాగానే లెక్క వెనక్కి తిరుగుతుంది. మళ్లీ మొదటికి వచ్చి ముందుకు సాగుతుంది. ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు, సరిచుక్క, సందుచుక్క అని మనం ముగ్గు పెట్టేటప్పుడు వేసుకునే లెక్క లాంటిదే ఇది. ఒక్క పోగు తప్పితే ముగ్గంతా చెడుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడితే ముద్ద ఎరుపు వస్తుంది. ఎర్ర పడుగు మీద పచ్చ పేక పడితే ఆ రెండూ కాని మూడో ఛాయ వస్తుంది. అందుకే మూడు రంగుల నూలు వాడితే గుడ్డ మీద ఆరు ఛాయలు కనిపిస్తాయి. నాలుగు రంగులైతే పది! ఉన్ని టార్టన్‌ను ఏటవాలు నేతలో నేస్తారు. కాబట్టి దగ్గరగా చూస్తే సన్నటి వాలుగీతలు కనిపిస్తాయి. మన నూలు గళ్ల గుడ్డది సాదా నేత, ఒక పోగు పైన, ఒక పోగు కింద. మా అత్తగారి చూపు పొరపాటు కాదు. నేత వేరైనా గళ్ల లెక్క ఒకటే.

ఇక కట్టే పద్ధతి చూడండి. ఈనాటి కిల్ట్‌కు సుమారు 8 గజాల గుడ్డ పడుతుంది. కుచ్చిళ్లు వెనక్కి వచ్చేలా కుట్టేస్తారు. పూర్వం ఆ కుట్టూ లేదు. పొడవాటి దుప్పటి లాంటి గుడ్డను నేల మీద పరిచి, నడుం దగ్గర కుచ్చిళ్లు పోసి, తోలు బెల్టుతో బిగించి, మిగిలిన గుడ్డను భుజం మీదుగా వేసుకునేవారు. కుచ్చిళ్లూ పైటా అన్నీ ఉన్నట్టే కదా! చలికి కప్పుకోవడానికీ, రాత్రి కొండల్లో పడుకోవడానికీ కూడా అదే గుడ్డ.

చట్టం కంటికి ఆనని ఆడవాళ్లు

1746లో కలోడెన్ అనే చోట స్కాట్లండు కొండజాతుల తిరుగుబాటును బ్రిటిష్ ప్రభుత్వం అణిచేసింది. ఆ కోపంతో అదే ఏడాది వాళ్ల దుస్తుల మీద నిషేధం పెట్టింది. స్కాట్లండులో సైనికుడు కాని ఏ మగవాడూ, ఏ మగపిల్లాడూ ఆ దుస్తులు తొడగకూడదు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరవాసం. 1782 దాకా, అంటే 36 ఏళ్లు ఆ చట్టం ఉంది.

ఆ చట్టంలో 'మగవాడు, మగపిల్లాడు' అనే రాశారు. ఆడవాళ్ల మాటే లేదు! వాళ్ల ఒంటి మీద గుడ్డ తిరుగుబాటు చేస్తుందని దొరలకు తోచలేదు కాబోలు. అక్కడ ఉన్ని వడికిందీ, రంగులద్దిందీ చాలావరకు ఆడవాళ్లే. నేసిన ఉన్ని గుడ్డ మెత్తబడాలంటే దాన్ని తడిపి బల్ల మీద బాదాలి. పది పన్నెండు మంది ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని పాటకు తగ్గట్టు బాదేవారు. మన దంపుడు పాటల్లాగా వాళ్లకూ ఆ పని పాటలున్నాయి. పేరు మాత్రం క్లాన్ పెద్దలకు పోయింది. పాట ఆడవాళ్లకు మిగిలింది.

నంబరు కాస్తా వంశమైంది

అసలు విశేషం ఇది. ఈ 'ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల వరస' అన్నది తాతల నాటి ఆచారమేమీ కాదు! గళ్ల గుడ్డ మాత్రం పాతదే. ఫాల్కర్క్ అనే ఊళ్లో దొరికిన గళ్ల ఉన్ని ముక్క మూడో శతాబ్దానిది. గ్లెన్ ఎఫ్రిక్ అనే లోయలో బురదలో దొరికిన మరో ముక్క 1500-1600 మధ్యదని 2023లో పరీక్షలు చేసి తేల్చారు. కానీ కలోడెన్ యుద్ధంలో ఎవరు ఏ పక్షమో తెలుసుకోవడానికి గళ్లు చూడలేదు, టోపీలో పెట్టుకున్న గుర్తు చూశారు.

నిషేధం పోయాక, 1815లో లండన్‌లోని హైలండ్ సొసైటీ, "మీ వంశం టార్టన్ నమూనా పంపండి" అని క్లాన్ పెద్దలకు ఉత్తరాలు రాసింది. చాలామందికి తమ గళ్లు ఏవో తెలియనే తెలియదు! అప్పట్లో బానక్‌బర్న్ అనే ఊళ్లో విల్సన్ కుటుంబం పెద్ద ఎత్తున టార్టన్ నేయించి అమ్మేది. వాళ్ల దగ్గర చాలా డిజైన్లకు నంబర్లే ఉండేవి. పోనుపోను ఆ నంబర్ల స్థానంలో వంశాల పేర్లు వచ్చి చేరాయి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వస్తున్నాడని నవలా రచయిత వాల్టర్ స్కాట్ సంబరాల పెత్తనం నెత్తినేసుకుని, పెద్దలంతా తమ తమ టార్టన్లలో రావాలన్నాడు. ఇంకేం, గళ్ల గుడ్డకు గిరాకీ పెరిగిపోయింది. 1842లో ఇద్దరు అన్నదమ్ములు పాత తాళపత్రం లాంటిది దొరికిందని చెప్పి ఓ పుస్తకమే అచ్చేశారు. అది దొంగ పత్రమని తర్వాత తేలింది. అయినా అందులోని గళ్లు కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

దీన్ని మోసం అని కొట్టిపారేయాలా? నాకలా అనిపించలేదు. ఓడిపోయిన జాతి ఒకటి, తన దగ్గర మిగిలిన గుడ్డముక్కకు పేరు పెట్టుకుని తలెత్తుకుంది. ఆ పేరును 200 ఏళ్లుగా పెళ్లిలో, చావులో, పరదేశంలో మోసుకు తిరిగింది. గోత్రం నిజమైంది అలాగే. ఇప్పుడైతే అక్కడ ప్రభుత్వమే టార్టన్ల రిజిస్టరు నడుపుతోంది. 2008లో చట్టం చేసి, 2009లో తెరిచారు. ఏ డిజైన్ ఎవరిదో, ఎన్ని పోగులో అన్నీ అందులో రాసి ఉంటాయి.

మరి మన గళ్ల సంగతి?

ఇక మా మావయ్యగారి లుంగీ దగ్గరకు వద్దాం. స్కాట్లండు పటాలాలు దక్షిణాదికి వచ్చినప్పుడు వాళ్ల దుస్తులు చూసి మన నేతగాళ్లు గళ్లు నేర్చుకున్నారని చెప్పేవాళ్లున్నారు. అది నిలిచే మాట కాదు. డచ్చివాళ్లు పులికాట్‌లో 1613లోనే కోట కట్టుకున్నారు. వాళ్లక్కడికి వచ్చిందే ఈ తీరంలో నేసే గుడ్డల కోసం. పులికాట్ నుంచి వెళ్లిన రుమాళ్లకు ఆ ఊరి పేరే స్థిరపడింది. మెక్సికోలో ఈనాటికీ మెడకూ తలకూ కట్టుకునే రుమాలును 'పాలియకాతె' అంటారు. వాళ్ల నోట పులికాట్ అలా తిరిగింది! స్కాట్లండు పటాలాలు టిప్పు సుల్తాను మీదికి వచ్చేసరికి మన గళ్లు సముద్రాలు దాటి ఎన్నో ఏళ్లయింది.

మన కోస్తాలో ఈ రుమాళ్లకు చీరాల, దాని చుట్టుపక్కల వేటపాలెం, జాండ్రపేట లాంటి ఊళ్లు పెట్టింది పేరు. అక్కడ ముఖ్యంగా రెండు రకాలు నేసేవారు. ఒకటి తేలియా రుమాలు. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, అప్పుడు ముడులు వేసి ఎరుపు, నలుపు రంగులద్దేవారు. నూనె వాసన వేస్తుంది కాబట్టే ఆ పేరు. తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని జాలర్లూ, అరబ్బు దేశాల వాళ్లూ ఇష్టపడేవారు. రెండోది అచ్చమైన గళ్ల రుమాలు. 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని ఓడలెక్కింది ఇదే. పేరు మద్రాసుది, చేతులు మన చీరాల నేతగాళ్లవి కూడా! మూరెడు రుమాలు అనుకునేరు, ఒక్కోటి 36 అంగుళాల చదరం. ఎనిమిది రుమాళ్లు కలిపి 8 గజాల ఒకే తానుగా నేసేవారు.

రంగుల విషయంలో మన గోదావరి జిల్లాకూ ఓ స్కాట్లండు చుట్టరికం ఉంది. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి పన్నెండేళ్లకు పైగా సామర్లకోటలో ఉన్నాడు. మన చెట్టూ చేమా పరిశీలించి బొమ్మలతో పెద్ద గ్రంథాలు వేశాడు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు లేదూ, దాని ఆకుల నుంచి నీలిరంగు తీసే పద్ధతి రాసినవాడు ఆయనే. ఎరుపుకు మన తీరంలో చిరివేరు ఉండనే ఉంది.

ముడిలో మాట

ఈ రుమాలు వెళ్లిన చోటల్లా ఆడవాళ్లు దాన్ని తమ సొంతం చేసుకున్నారు. కరేబియన్ సముద్రంలో మార్టినీక్, గ్వాడలూప్, డొమినికా, సెయింట్ లూసియా అనే దీవులున్నాయి. అక్కడ ఆడవాళ్లు తలకు చుట్టుకునే గళ్ల గుడ్డను 'మద్రాస్' అనే అంటారు. పండగ దుస్తుల్లో అది లేకపోతే లోటే. మార్టినీక్‌లో ఆ తలపాగా కొస పైకి ఒకటే నిలబడితే మనసు ఖాళీ అని, రెండయితే మాటిచ్చేశానని, మూడయితే పెళ్లయిందని అర్థం చెబుతారు. మన మెట్టెలూ నల్లపూసలూ చెప్పే మాట అక్కడ మన గుడ్డే చెబుతోంది!

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది మాత్రం ఆఫ్రికాలోని కలబరి వాళ్ల కథ. నైజీరియా దేశంలో నైజర్ నది సముద్రంలో కలిసే చోట, మన కోనసీమలాగే పాయలూ లంకలూ ఉన్న ప్రాంతం వాళ్లది. ఐరోపా ఓడలు అక్కడికి మన గుడ్డలు మోసుకెళ్లి బదులుగా మనుషులను బానిసలుగా కొనుక్కెళ్లాయన్నది చేదు నిజం. తర్వాత ఆ బేరం పామాయిల్‌కు మారింది. గుడ్డ మాత్రం ఆ ఇళ్లలో నిలిచిపోయింది. దాన్ని వాళ్లు 'ఇంజిరి' అంటారు. వాళ్ల భాషలో ఇల్లు, వంశం అనే అర్థంలో వాడే మాట ఏమిటో తెలుసా? 'వారి'! మనం 'ఫలానా వారి ఆడపడుచు' అంటాం కదా, విని ఆశ్చర్యపోయాను. కాకతాళీయమే కావచ్చు గాని ఎంత ముద్దుగా ఉందో!

పసిబిడ్డను ఎత్తుకుని కట్టుకోవడానికి ఇంజిరి. పెద్దలు పోతే, ఆ ఇంటి పెట్టెల్లో తరాలుగా దాచిన గుడ్డలు తీసి, శవాన్ని ఉంచే మంచాలను వాటితో అలంకరిస్తారు. పెట్టె నిండుగా ఉంటే ఆ ఇంటికి గౌరవం. ఇక ఆడవాళ్ల పనితనం చూడండి. మన గళ్ల గుడ్డ తీసుకుని, సూదితో పోగులు పైకెత్తి, బ్లేడుతో కోసి, ఒక్కొక్కటే లాగేస్తారు. ఎక్కువగా లేతరంగు పోగులే తీస్తారు. అలా తీసినచోట గుడ్డ జాలీలా పల్చబడి కొత్త డిజైన్ తేలుతుంది. దాన్ని 'పెలెటె బిటె' అంటారు. జోన్ ఐకర్ అనే అమెరికన్ పరిశోధకురాలు, టోన్యె ఎరెకొసిమా అనే కలబరి పండితుడు కలిసి దీని మీద ఎంతో రాశారు. కొన్న గుడ్డను తమదిగా మార్చుకునే తీరుకు దీన్నే ఉదాహరణగా చూపించారు.

ఆ పని చేసే కలబరి ఇల్లాలికి చీరాల తెలియదు. రోజంతా కండెలు చుట్టిన చీరాల ఇల్లాలికి కలబరి తెలియదు. ఒకామె పోగు వేసింది, ఒకామె పోగు తీసింది. నైజీరియాలో 1967-70 అంతర్యుద్ధం, ఆ తర్వాత దిగుమతుల మీద ఆంక్షలు వచ్చేసరికి ఇక్కడ ఎన్నో మగ్గాలకు పని పోయింది. ఎక్కడి యుద్ధం ఎవరి పొయ్యి ఆర్పిందో!

"పేరేటండీ, నంబరే!"

మా ఆత్రేయపురం నుంచి అమలాపురం వైపు వెళితే బండారులంక వస్తుంది. నేత చీరలకు పేరున్న ఊరు. అక్కడ ఓ అరవై దాటిన మామ్మగారు వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు. లోపల గుంటమగ్గం మీద కొడుకు గళ్ల చీర నేస్తున్నాడు.

"మామ్మగారూ, ఈ గళ్లకు పేరేమిటండీ?" అని అడిగాను.

"పేరేటండీ అమ్మాయిగారూ! షావుకారు నంబరేసి ఇత్తారండి. ఆ నంబరే దీని పేరు. ఆయ్."

"మీరెన్నాళ్లుగా చేస్తున్నారు ఈ పని?"

"కాపరానికొచ్చిన కాణ్ణించీనండి. ఆసు పోసేదీ, కండెలు చుట్టేదీ నేనే. అచ్చు అతికేటప్పుడు కోడలు కూడా కూకోవాలండి. మజూరీ మటుకు మగ్గానికే ఇత్తారు. కండెకి ఇవ్వరు కదండీ!" అని నవ్వేశారు.

ఆ నవ్వు చూశాక నాకు బానక్‌బర్న్ నంబర్లు గుర్తొచ్చాయి. అక్కడ నంబరు వంశమైంది. ఇక్కడ తరాలుగా నేసిన ఇంట్లో అది ఇంకా నంబరుగానే ఉంది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారిలో నూటికి 70కి పైగా ఆడవాళ్లే. అయినా 'నేతగాడు' అనే అంటాం. మామ్మగారి లాంటి వాళ్లను పిలవడానికి మన నాలుక మీద ఓ మాటే లేదు.

పేరులో ఏముందంటారా?

పేరు విలువ మా ఊరి ఆడవాళ్లకు బాగా తెలుసు. బోర్లించిన కుండ మీద, పిండిలో ముంచిన పల్చటి గుడ్డను ఒక్కసారి అలా పరిచి లాగితే రేకు వస్తుంది. తరాలుగా ఆ సెగ దగ్గర కూర్చున్నది ఆడవాళ్లే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తేలియా రుమాలుకూ 2020లో ఆ గుర్తింపు దక్కింది, తెలంగాణలోని పుట్టపాక పేరు మీద. ఆ విద్యను అక్కడ నిలబెట్టిన గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషించాల్సిన విషయం. గుర్తింపు వచ్చినంత మాత్రాన కూలి పెరిగిపోదు, నిజమే. కానీ పేరు లేని వస్తువుకు ధర అడిగే నోరు కూడా ఉండదు.

స్కాట్లండు కథ మనకు చెప్పేది ఒక్కటే. గుడ్డకు గోత్రం మగ్గం మీద పుట్టదు. కట్టుకున్నవాళ్లు, చెప్పుకున్నవాళ్లు ఇస్తారు. మన గళ్లకు కరేబియన్ ఆడవాళ్లు భాష ఇచ్చారు, కలబరి ఆడవాళ్లు వంశం ఇచ్చారు. మనం మాత్రం వాటిని లుంగీకీ, తువ్వాలుకీ, ఆఖరికి మసిగుడ్డకీ వదిలేశాం. పోనీ ఇప్పుడైనా మించిపోయిందేం లేదు. ఈసారి గళ్ల చీర కొన్నప్పుడు ఏ ఊరిదో, ఎవరు నేశారో, కండెలు ఎవరు చుట్టారో అడుగుదాం. బిల్లు వెనకో, పెట్టెలో చీర మడతలోనో ఓ చీటీ మీద రాసి పెడదాం. రేపు మన అమ్మాయి ఆ చీర తీసినప్పుడు, "ఇది ఫలానా ఊళ్లో ఫలానా వారింట్లో నేసిన గళ్లు" అని చదువుకుంటే... ప్రవర అంటే అదే కదూ!

కొనేముందు, ఉతికేముందు

* చేనేత గళ్ల గుడ్డకు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. ఒకవైపు వెలిసినట్టుంటే అది అచ్చు గుడ్డ.

* అంచుల వెంట సన్నటి సూది బెజ్జాలు కనిపిస్తే భయపడకండి. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా పట్టి ఉంచిన గుర్తులవి. గళ్లలో వెంట్రుకవాసి తేడాలు కూడా చేతిపని గుర్తే. 'హ్యాండ్లూమ్ మార్క్' చీటీ ఉందేమో చూడండి.

* మొదటిసారి గుప్పెడు ఉప్పు వేసిన చన్నీళ్లలో కాసేపు నానబెట్టి, విడిగా ఉతికి, నీడన ఆరేయండి. కాస్త రంగు దిగితే కంగారు పడకండి. 1958లో మద్రాసు గళ్ల చొక్కాలు అమెరికా వెళ్లినప్పుడు రంగు దిగుతోందని గోల చేశారట. అమ్మేవాళ్లు తెలివిగా 'రంగు దిగుతుందని మా హామీ' అని ప్రకటన వేసి, దాన్నే ఫ్యాషన్ చేసేశారు!